‘ఇన్’ అను చిన్న మాట



నేటి ప్రసంగమునకు నేనెన్నుకొన్న విషయము చాల చిన్నది. ఐరోపా ఖండములోని భాషలందు మాటలకు ముందు తగులుకొని యుండు ‘ఇన్’ అను తునుకను గూర్చి మనవి చేయదలచినాను. తునుక చిన్నదైనను దాని చరిత్ర రెండువేల యేండ్లకు పైబడినది. ఒకే తునుక ఒక దేశమున నొక విధముగను, పొరుగు దేశమున దానికి సరిగా వ్యతిరేకముగను అర్థమగుచున్నది. దానిని తప్పుగా చదివినచో నిప్పంటుకొను ప్రమాదము సైతము కలదు. కావున ఇది పండితుల వినోదము మాత్రమే కాదు.

ఈ తునుక మన గ్రామములకు క్రొత్తది కాదు. కాలువ నీటికై మనము అర్జీ పెట్టుకొను శాఖ ‘ఇరిగేషన్’ శాఖ. బడిని తనిఖీ చేయ వచ్చు అధికారి ‘ఇన్‌స్పెక్టరు’. పంచాయతీ ఎన్నికలలో ముద్ర సరిగా పడని కాగితము ‘ఇన్వాలిడ్’ ఓటు. మూడు మాటల మొదటను ఉన్నది ‘ఇన్’ అను రూపమే. ఇన్వాలిడ్ అనగా చెల్లనిది. ఇక్కడ అది ‘కాదు’ అని చెప్పుచున్నది. ఇన్‌స్పెక్టరు అనగా లోనికి చూచువాడు. ఇక్కడ అది ‘లోనికి’ అని చెప్పుచున్నది. లాటిను భాషలో ‘రిగారె’ అనగా నీరు పారించుట. దానికి ముందు ‘ఇన్’ చేరి, తరువాతి రేఫముతో కలసి ‘ఇర్’ అయినది. పొలములోనికి నీరు పారించుటయే ఇరిగేషన్. అదే విధముగా రేఫముతో కలసిన ‘ఇర్రెగ్యులర్’ అను మాటలో మాత్రము క్రమము లేనిది అని నిషేధము వచ్చుచున్నది. వేషమొకటే, వ్యక్తులు వేరు. ఇక ‘ఇనాము’ మాటకు ఈ వంశముతో సంబంధమే లేదు. అది అరబ్బీ భాషనుండి వచ్చినది.

ఈ చిక్కును విప్పుటకు ముందు మన యింటిలోని దీపమును వెలిగించుకొందము. సంస్కృతములో ‘కాదు’ అని చెప్పు తునుకకు ‘నఞ్’ అని పేరు. ఇరువదిరెండు ఉపసర్గలలో ఇది చేరదు; దీనిని వేరుగా నెంచినారు. సమాసమున దాని నకారము పోయి ‘అ’ మిగులును. పిదప అచ్చు వచ్చినచో నకారము మరల చేరి ‘అన్’ అగును. ధర్మము – అధర్మము. అంతము – అనంతము. ఇందుకు పాణిని సూత్రములు చేసెను.

‘కాదు’ అనుటలో ఆరు విధములు గలవని మన శాబ్దికులు నిర్ణయించిరి. పాపమే లేనివాడు అపాపుడు, ఇది అభావము. గుఱ్ఱము కాక మఱియొక జంతువైనచో అనశ్వము; ఇది అన్యత్వము. బ్రాహ్మణుని వలె కనబడుచు బ్రాహ్మణుడు కానివాడు అబ్రాహ్మణుడు, ఇది సాదృశ్యము. అనుదర యనగా కడుపే లేని కన్య కాదు, సన్నని నడుము గలది, ఇది అల్పత. ధర్మమునకు ఎదురు నిలుచునది అధర్మము, ఇది విరోధము. ఆరవది అప్రాశస్త్యము, అనగా మేలు కాకపోవుట. అకాలవర్షమనగా కాలమే లేని వర్షమని యర్థము కాదు. తగని కాలమున కురిసి పంటను చెఱచు వర్షమని రైతునకు వేఱుగ చెప్ప నక్కఱలేదు.

తునుకను మాత్రము చూచి అర్థము చెప్పరాదు, మాటను, ప్రయోగమును చూచి చెప్పవలెను అని ఈ విభాగము మనకు బోధించుచున్నది. నేను బడిలో ‘అమూల్యము’ అను మాటకు అర్థమడిగినపుడు, వెల లేనిది గనుక పనికిరానిది అని చెప్పిన బాలురు పలువురు కలరు. వెల కట్టుటకు శక్యము కానిది అని కదా దాని తాత్పర్యము! ఇంగ్లీషులో ‘ఇన్వాల్యుబుల్’ అను మాట కూడ సరిగా ఇట్టిదే. అట్లే ‘అకీర్తి’ యనగా కీర్తి లేకపోవుట మాత్రమే కాదు, చెడ్డపేరు. ఇంగ్లీషులో ‘ఇన్‌ఫేమస్’ అనగా పేరు లేనివాడు కాదు, అపఖ్యాతి పొందినవాడు. అమూల్యమునకును ఇన్వాల్యుబుల్‌నకును, అకీర్తికిని ఇన్‌ఫేమస్‌నకును ఇంత పోలిక యుండుట వింత గాదా?

ఈ పోలికకు మూలమొకటి కలదు. 1786వ సంవత్సరము ఫిబ్రవరి మాసమున కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ సభలో సర్ విలియం జోన్సు ఉపన్యసించుచు, సంస్కృతము, గ్రీకు, లాటిను భాషలకు గల పోలిక కాకతాళీయము కాజాలదనియు, మూడును ఒక్క మూలమునుండి పుట్టియుండవలెననియు, ఆ మూలభాష బహుశః ఇప్పుడు లేదనియు చెప్పెను. 1816లో జర్మనీ దేశస్థుడైన ఫ్రాంజ్ బొప్పు క్రియారూపములను పోల్చి గ్రంథము ప్రకటించి ఆ శాస్త్రమునకు పునాది వేసెను. ఆ మూలభాషలో ‘కాదు’ అను తునుక వట్టి నకారధ్వని యని భాషాశాస్త్రజ్ఞుల నిర్ణయము. మనము ‘ఋ’ను అచ్చుగా పలుకునట్లు ఆ నకారమును అచ్చువలె పలికెడివారు. అదియే సంస్కృతమునను గ్రీకునను ‘అ’, ‘అన్’ అయినది. లాటినులో మొదట ‘ఎన్’ అయి పిదప ‘ఇన్’ అయినది. జర్మనులో ‘ఉన్’, ఇంగ్లీషులో ‘అన్’, స్వీడిషులో ‘ఊ’ అయినది. ఒక తల్లి బిడ్డలు దేశాంతరములకు పోయి వేర్వేఱు పేరులతో బ్రతుకుచున్నట్లున్నది ఈ కథ.

ఇక లాటినులో జరిగినదేమి? ఆ భాషలో ‘లోన’, ‘లోనికి’ అను అర్థముగల వేఱొక మాట కలదు. అదియు తొలుత ‘ఎన్’, తరువాత ‘ఇన్’. వేర్వేఱు వంశముల బిడ్డలిద్దఱు ఒకే యూరికి వచ్చి ఒకే పేరు పెట్టుకొన్నట్లు, నిషేధార్థకమును, ‘లోనికి’ యను అర్థముగలదియు లాటినులో ఒకే రూపము దాల్చినవి. లాటిను మాటలాడినవారికి ఇది పెద్ద చిక్కుగా తోచియుండదు. పుట్టుకతో వచ్చిన భాషలో ఏ మాట ఏ జాతిదో చెవికి తెలియును. రోమను సామ్రాజ్యము కూలిన పిమ్మట ఆ మాటలు ఫ్రెంచి, స్పానిషు, ఇటాలియను భాషలకు వారసత్వముగను, ఇంగ్లీషునకు ఎరువుగను సంక్రమించినవి. ఒక్కొక్క భాష తనకు నచ్చిన వారసుని నిలుపుకొన్నది. అక్కడ మొదలయినది తగవు.

ఆ తగవునకు ‘ఇన్‌హాబిటబుల్’ అను మాట చక్కని సాక్షి. లాటినులో ‘హాబితారె’ అనగా నివసించుట. క్రీస్తునకు పూర్వము 45వ సంవత్సరమున సిసిరో అను రోమను పండితుడు దేవతల స్వభావమును గూర్చి వ్రాసిన గ్రంథములో, భూమిలో పెద్ద భాగములు ఎండచే మాడియు, మంచుచే గడ్డకట్టియు నివాసయోగ్యములు కాకున్నవని చెప్పుచు ‘ఇన్‌హాబితాబిలిస్’ అను మాటను వాడెను. అక్కడ ‘ఇన్’ అనగా ‘కాదు’.

ఈ యభిప్రాయము సిసిరోకు ముందే కలదు. సూర్యుడు నడినెత్తిన కాయు ఉష్ణమండలమున మనుష్యులు బ్రతుకజాలరని అరిస్టాటిల్ వ్రాసెను. తెలుగుదేశమంతయు కర్కటరేఖకు దక్షిణమున, ఆ ఉష్ణమండలమునందే యున్నది. ఆ లెక్కను మన పూర్వులు లేనివారే కావలెను! కాని క్రీస్తు శకము మొదటి శతాబ్దిలోనే గ్రీకు వర్తకుడొకడు తన సముద్రయాన గ్రంథమున ‘మసాలియా’ యను తీరమును, అక్కడ నేయబడు సన్నని వస్త్రములను పేర్కొనెను. రెండవ శతాబ్దిలో టాలెమీ దానినే ‘మైసోలియా’ యనెను. అది మన మచిలీపట్టణపు ప్రాంతమని చరిత్రకారులు చెప్పుదురు. ఒక పుస్తకము మనుష్యులుండరాదనుచుండగా మఱియొక పుస్తకము వారు నేసిన బట్టల నాణెమును చెప్పుచున్నది. 1590లో స్పెయిను దేశపు మతగురువు జోసె దె అకోస్తా తన గ్రంథమున, తాను భూమధ్యరేఖను దాటునపుడు చలి వేసినదనియు, అరిస్టాటిల్ సిద్ధాంతమును తలచుకొని నవ్వుకొన్నాననియు వ్రాసెను.

సిద్ధాంతము పోయినది, మాట మిగిలినది. లాటినులోనే ‘ఇన్‌హాబితారె’ అను వేఱొక క్రియ కలదు. అందు ‘ఇన్’ అనగా ‘లోన’. ఒక చోట లోపల నివసించుట యని దాని యర్థము. ఇంగ్లీషువారు పాత ఫ్రెంచి ద్వారా ఈ క్రియను గ్రహించిరి. అందుచే వారికి ‘ఇన్‌హాబిటెడ్’ అనగా జనులున్న చోటు. ఫ్రెంచివారి నడుమ కాలక్రమమున ఈ క్రియ వాడుక తప్పి, ‘ఇన్’ లేని క్రియయే నిలిచినది. అందుచే వారికి ‘ఇనాబితె’ యనగా జనులు లేని చోటు. వ్రాతలో రెండును ఇంచుమించు ఒకటే. ఇంగ్లీషువాడు తన పటముమీద ఒక ద్వీపమునకు ఈ మాట వ్రాసినచో అక్కడ ఊళ్లున్నవని యర్థము. ఫ్రెంచివాడు వ్రాసినచో అక్కడ పురుగైనను పలుకరింపదని యర్థము. త్రాగునీరు తరిగిపోయిన నావికునకు ఈ భేదము ప్రాణముతో సమానము కదా!

ఇంగ్లీషులో సయితము ఈ మాట మొదటినుండి ఒకే నడకలో లేదు. 1597లో అచ్చుపడిన ‘రెండవ రిచర్డు’ నాటకమున షేక్స్పియరు ‘ఇన్‌హాబిటబుల్’ అను మాటను నివాసయోగ్యము కాని ప్రదేశమను అర్థముననే వాడెను. నేడు అదే మాటకు ఇంగ్లీషున నివాసయోగ్యమైనది అని యర్థము. ఉండరాని చోటు అనవలెనన్న ముందొక ‘అన్’ చేర్చి ‘అనిన్‌హాబిటబుల్’ అందురు. నాలుగు వందల యేండ్లలో మాట తలక్రిందులైనది.

ఇంతకన్న కఠినమైన కథ ‘ఇన్‌ఫ్లేమబుల్’ అను మాటది. మన రహదారులపై పోవు పెట్రోలు లారీల వెనుక ఈ మాట ఎఱ్ఱని అక్షరములతో వ్రాసియుండుట మీలో పలువురు చూచియుందురు. లాటినులో ‘ఫ్లామ్మా’ యనగా మంట. ‘ఇన్‌ఫ్లామ్మారె’ యనగా మంటలోనికి దించుట, రగిల్చుట. కావున ఇన్‌ఫ్లేమబుల్ అనగా ఇట్టే అంటుకొనునది. కాని ఇన్వాలిడ్, ఇర్రెగ్యులర్ అను మాటలకు అలవాటుపడిన వాని చెవికి ఇది ‘అంటుకొననిది’ అని వినబడవచ్చును. తర్కము ప్రకారము వాని తప్పేమియు లేదు. చరిత్ర తెలియకపోవుటయే తప్పు. ఆ తప్పునకు శిక్ష నిప్పు.

అందుచే అమెరికాలోని జాతీయ అగ్నిరక్షణ సంఘమువారు 1920 తరువాతి దశాబ్దిలోనే ఈ ‘ఇన్’ను తీసివేసి ‘ఫ్లేమబుల్’ అనుడని ప్రోత్సహింప మొదలిడిరి. 1959లో బ్రిటిషు ప్రమాణముల సంస్థవారును అట్లే నిర్ణయించిరి. మన దేశమున 1952లో చేసిన చట్టము పేరులో మాత్రము ‘ఇన్‌ఫ్లేమబుల్’ అనియే యున్నది. ఫ్రెంచివారికిని స్పానిషువారికిని నేటికిని ‘ఇన్’తో కూడినదే అంటుకొను పదార్థము. అంటుకొననిది అని చెప్పుటకు ఫ్రెంచివారు ముందు మఱియొక ‘ఇన్’ చేర్చుదురు. అక్షరములను బట్టి చదివినచో ‘ఇనిన్‌ఫ్లమాబ్ల్’ అగును. ఒకే మాటలో రెండు ‘ఇన్’లు ప్రక్కప్రక్కన కూర్చున్నవి, మొదటిది ‘కాదు’, రెండవది ‘లోనికి’! తుదకు 2003లో ఐక్యరాజ్యసమితివారు ప్రకటించిన పద్ధతిలో ఇట్టి సరకులపై మంట బొమ్మ వేయవలెనని ఏర్పఱచిరి. మాట విఫలమగునని శంకించిన చోట బొమ్మను పిలిచినారు.

ఉత్తర ఐరోపాకు పోయినచో కథ మఱొక మలుపు తిరుగును. అక్కడి ‘ఉన్’ నిషేధమునకే గాక మన ఆరవ విధమునకు, అనగా అప్రాశస్త్యమునకు, ప్రీతిపాత్రమైనది. జర్మనులో ‘క్రౌట్’ అనగా ఆకుమొక్క. ‘ఉన్‌క్రౌట్’ అనగా కలుపుమొక్క. స్వీడిషులో గడ్డిని ‘గ్రేస్’ అందురు. ‘ఊగ్రేస్’ అనగా కలుపు. జర్మనులో ‘వెత్తర్’ అనగా వాతావరణము. ‘ఉన్‌వెత్తర్’ అనగా గాలివాన. ‘తాట్’ అనగా చేసిన పని. ‘ఉన్‌తాట్’ అనగా మనము ‘అకృత్యము’ అనునదే. ‘మెన్ష్’ అనగా మనుష్యుడు. ‘ఉన్‌మెన్ష్’ అనగా క్రూరుడు. ఇంగ్లీషు జర్మనునకు దగ్గఱి చుట్టమైనను అందు కలుపును ఇట్లు చెప్పుట లేదు. ఒకే తల్లి బిడ్డలలో ఒకరికి అబ్బిన గుణము మఱియొకరికి అబ్బలేదు.

జర్మనులో ‘ఉన్‌టీఫె’ అను మాట మఱియు వింత. ‘టీఫె’ యనగా లోతు. ఓడ నడుపువారికి ‘ఉన్‌టీఫె’ యనగా లోతు చాలని, అడుగు తగులు చోటు, ఇది అల్పత. ఇతరులు దానినే అంతులేని లోతు అను అర్థమునను వాడుదురు. నిఘంటువులు రెండర్థములను ఇచ్చుచున్నవి. ఓడ యజమాని ఈ మాట విన్నపుడు, చెప్పినవాడు ఎవడో తెలిసికొనక చుక్కాని త్రిప్పరాదు.

గ్రీకులో సైతము ఇట్టి కలయిక జరిగినది. అక్కడ ‘అ’ యనగా ‘కాదు’. కోయరానిది గనుక ‘అటము’. పాలకుడు లేనిది గనుక ‘అనార్కి’. కాని అన్నదమ్ముని గ్రీకులు ‘అదెల్ఫోస్’ అందురు. ‘దెల్ఫుస్’ అనగా గర్భము. గర్భము లేనివాడా అన్నదమ్ముడు? కాదు, ఇక్కడి ‘అ’ వేఱొక వంశమునది. అది మన ‘స’కు చుట్టము: కూడిన, ఒకే అని యర్థము. ఒకే గర్భమున పుట్టినవాడు అదెల్ఫోస్. ఒకే ఉదరమున పుట్టినవాడు సోదరుడు. ఊహ ఒక్కటే! 1682లో అమెరికాలో విలియం పెన్ను స్థాపించిన ఫిలడెల్ఫియా నగరపు పేరున సోదరప్రేమ అను భావముతో ఈ మాటయే నిలిచియున్నది. సంస్కృతము ‘అ’ను, ‘స’ను వేర్వేఱుగ కాపాడినది, గ్రీకు ఆ రెండింటిని ఒకే యచ్చులో కలిపినది.

మన తెలుగు సంగతి యేమని మీరడుగవచ్చును. తెలుగు ఈ వంశమునకు చెందినది కాదు. బొప్పు గ్రంథము వెలువడిన 1816లోనే మద్రాసున కాంబెల్ దొర తెలుగు వ్యాకరణమునకు ముందుమాట వ్రాయుచు ఎల్లిస్ దొర, తెలుగు సంస్కృతమునుండి పుట్టలేదనియు, తమిళము, కన్నడము మున్నగువానితో కూడిన వేఱు కుటుంబమునకు చెందినదనియు చూపెను. మన అచ్చతెలుగున నిషేధము మాటకు ముందు రాదు, వెనుక వచ్చును. చెల్లు – చెల్లని. తెలియు – తెలియని. చేసి – చేయక. మాట మొదట ‘అ’ వచ్చినచో అది చూపుడు వ్రేలు: అక్కడ, అప్పుడు, అంత.

అయినను ఇరుభాషల కలయిక వలన మన నోటనే ఒక చిక్కు దాగియున్నది. ‘ఆ కాలము’ అనునది సంధి కలిసి ‘అక్కాలము’ అగును. ఈ త్రికసంధిని 1858లో చిన్నయసూరి తన బాలవ్యాకరణమున సూత్రీకరించెను. అక్కాలము అనగా ఆ కాలము. అకాలము అనగా తగని కాలము. ఒక్క కకారపు బరువు అటు ఇటు అయినచో అర్థము మాఱిపోవును. ఐరోపావారి చిక్కును చూచి నవ్వుటకు ముందు మన యింటి గడపను చూచుకొనవలెను.

ఇంత చెప్పి నేను తేల్చునది ఒక్కటే. తునుకకు స్వతంత్రమైన అర్థము లేదు. అది ఏ మాటను ఆశ్రయించినదో, ఏ భాషలో నిలిచినదో, ఎవరి నోట వెడలినదో చూచి అర్థము చెప్పవలెను. పురుగుమందు డబ్బాపై గాని, గ్యాసు బండపై గాని, కోర్టు కాగితముపై గాని పరభాషా పదమున్నపుడు, తెలిసిన ముక్కను పట్టుకొని తెలియని మాటకు అర్థము ఊహింపకుడు. తెలిసినవానిని అడుగుడు. బొమ్మ యున్నచో బొమ్మను చూడుడు. మీ మనుమలు, మనుమరాండ్రు బడినుండి ఇట్టి మాటలు తెచ్చినపుడు, ఇందలి ‘ఇన్’ ఎవరి బిడ్డ యని వారినడుగుడు. ఆ ప్రశ్న వారిని నిఘంటువు దగ్గఱకు నడిపించును. నిఘంటువు చరిత్ర దగ్గఱకు నడిపించును.